నది మధ్యలో దొరగారి కారు

మా ఆయన నది మధ్యలో కారుకి కాపలా కాశాడంటే వినేవాళ్ళు నవ్వుతారు. నవ్వండి, నాకేం. నేనూ మొదట్లో నవ్వాను. ఆ ఏడు మా బిలాసపూర్ రైల్వే క్వార్టర్ల లైన్లలో నవ్వనోడు లేడు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాక ఎవరో ఒకరు, "అయితే అచ్చియమ్మా, మీ గుంటని తెచ్చుకున్నారా?" అని అడిగేవారు. అక్కడికొచ్చేసరికి నేను అంట్లు తోముకోవాలని లేచిపోయేదాన్ని.

మాకు ఒక్కర్తే కూతురు, సింహాచలం. అది పుట్టినప్పుడు నాకు బాలింత జ్వరం వచ్చి చావు గడప దాకా వెళ్ళొచ్చాను. పాలు లేవు, ఒంట్లో జీవం లేదు. మా ఆయన ఎర్రయ్య ఆ పసిగుడ్డుని తీసుకెళ్ళి, భీమిలి దగ్గర ఊళ్ళో ఉన్న వాళ్ళప్ప, అంటే అక్క, అప్పలనర్సమ్మ ఒళ్ళో పెట్టాడు. ఊరికే పెట్టలేదు. బియ్యం పోసి, బొట్టు పెట్టి, నలుగురి ముందూ పెట్టాడు. మావాళ్ళలో అలా ఒళ్ళో పెట్టిన పిల్లని, పెట్టిన చెయ్యే వచ్చి తీసుకోవాలి. ఇంకెవరొచ్చినా ఇవ్వరు. నేను లేచి తిరిగేసరికి మకినం దొర బంగళాలో ఆయా పని దొరికింది. వచ్చే ఏడు తెచ్చుకుందాం, వచ్చే ఏడు తెచ్చుకుందాం అనుకుంటూ ఉండగానే గుంటకి ఆరో ఏడు వచ్చీసింది. మా ఆయనకి సెలవుంటే పాసు ఉండదు, పాసుంటే సెలవు ఉండదు, ఖర్మకాలి రెండూ ఉంటే దొరసానికి తలనొప్పి.

ఆ దసరాకి ఊరెళ్ళొచ్చిన ఫైర్‌మన్ శంకరరావు ఒక కబురు తెచ్చాడు. మా వదిన అప్పలనర్సమ్మ మొగుడు రంగూన్‌లో బియ్యం మిల్లులో పని చేస్తాడు. మావాళ్ళు రంగం అంటారు ఆ ఊరిని. పెళ్ళాన్ని కూడా రంగం రమ్మన్నాడట. జనవరి నెల సగానికి విశాఖపట్నం రేవులో ఓడ ఎక్కుతున్నారు. "ఈలోగా మీ పిల్లని మీరు తీసుకుపోతే సరే సరి. నేదంటే మాతోపాటు ఓడెక్కుతాది. దాన్ని ఒదిలి నేను ఎల్లను, ఎల్లనేను. తమ్ముడితో సెప్పు" అని మా వదిన మాట.

రంగం వెళ్ళినోళ్ళు పదేళ్ళకి వస్తారు, లేదా రారు. మా ఊళ్ళో ఆ సంగతి చిన్నపిల్లలకి కూడా తెలుసు.

"ఈసారి ఆకాశం ఊడిపడ్డా ఎల్దాం" అన్నాడు మా ఆయన. అన్నట్టే అడిగాడు, దొర సెలవిచ్చాడు, పాసు కూడా చేతికొచ్చింది. జనవరి మొదట్లో బయల్దేరాలి. రాయపూర్ మీంచి విజయనగరానికి కొత్త లైను పడింది, ఇదివరకటిలా కలకత్తా వైపు తిరిగి చావక్కర్లేదు. నేను పొద్దున లేచి పాసు ఉందో లేదో చూసుకుని, అప్పుడు పొయ్యి రాజేసేదాన్ని.

ఈ మకినం దొర ఎవరో చెప్పాలి. అసలు పేరు మెకిన్నన్. లోకో షెడ్డుకి ఫోర్‌మను. ఇంగ్లీషోడు అంటే కోపం, స్కాట్లాండ్ వాడినని చెప్పుకునేవాడు. ఎర్రగా, బండలాంటి మనిషి. మంచోడే. మంచోళ్ళతోనే వచ్చిన చిక్కు, కాదనలేం. అప్పుడు చేతిలో డబ్బు లేదని రైల్వేలో మనుషుల్ని తీసేస్తున్న కాలం. పొద్దున డూటీకెళ్ళినోడు సాయంత్రానికి క్వార్టర్ ఖాళీ చేసిన రోజులు. ఆ దెబ్బ దొరకీ తగిలింది. మూడేళ్ళకోసారి వాళ్ళ దేశం వెళ్ళే సెలవు ఆ ఏడు లేదన్నారు. మనిషి దిగాలుపడిపోయాడు.

దొరసాని ఒకరోజు నాకు ఒక ఫోటో చూపించింది. నీళ్ళ మీద బల్లపరుపు పడవ. దాని మీద కారు. టోపీలు పెట్టుకున్న ఇద్దరు మనుషులు ఆ కారుని నెడుతున్నారు.

"ఇది సాహెబ్ వాళ్ళ లంక, ఆయా. ప్రతి సెలవుల్లో కారుని ఇలా పడవెక్కించి వెళ్తాం. అక్కడ సాహెబ్ తల్లి ఉంటుంది" అంది, సగం హిందీలో, సగం సైగల్లో. ఆవిడ కూడా అలిసిపోయి ఉంది. బిలాసపూర్ ఎండ ఎవర్ని వదిలింది గనక.

ఆ ఫోటోయే మా కొంప ముంచింది.

డిసెంబరులో దొర మా ఆయన్ని బంగళా వరండాలోకి పిలిచాడు. నేను అక్కడే జానీ బాబాకి జావ తాగిస్తున్నాను. జానీ వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు, మా గుంటకన్నా ఏడాది చిన్న.

"ఎరయ్యా! తుమ్ దర్యా కా ఆద్మీ?" అన్నాడు దొర.

"జీ హుజూర్! సముద్రం ఒడ్డునే పుట్టాం" అని మా ఆయన రొమ్ము విరుచుకున్నాడు.

"హమ్ భీ దర్యా కా ఆద్మీ" అని దొర తన గుండె మీద గుద్దుకున్నాడు.

అయిపోయింది. ఇద్దరూ అన్నదమ్ములైపోయారు. సంగతేమిటంటే, శివనాథ్ నది మధ్యలో ఒక లంక ఉంది. బడాదిన్ పండక్కి, అదే క్రిస్మస్‌కి, దొర అక్కడ డేరా వేసుకుంటాడు. ఊరికే వెళ్తే ఏం బాగుంటుంది? కారు కూడా రావాలి. పడవ మీద రావాలి, ఫోటోలో ఉన్నట్టే. రెండు పడవలు కలిపి కట్టి, పైన స్లీపరు దుంగలు పరిచి, కారుని ఎక్కించే పని ఎర్రయ్యది. నాలుగు రోజుల్లో వచ్చీడం, ఆపైన ఎర్రయ్య సెలవు మీద దేశం పోవచ్చు.

ఇంటికొచ్చాక నేను ఊరుకుంటానా? "నువ్వు సముద్రం ఒదిలీసి వచ్చినప్పటికి నీకు మీసం కూడా రాలేదు. తెడ్డు ఏ చివర పట్టుకుంటారో తెలుసా మావా నీకు?" అన్నాను.

"రక్తంలో ఉంటాదే."

"రక్తంలో ఉంటే బజారుకెళ్ళి కుళ్ళిన చేపలెందుకు తెస్తావు?"

"ఒలే, నోరు ముయ్యి. షెడ్డులో అందర్నీ పేరు పెట్టి పిలుస్తాడా దొర? నన్నే పిలుస్తాడు. ఇలాటి రోజుల్లో దొర నోట్లో మన పేరు ఉంటే అదే మనకి సన్నదు కాయితం" అన్నాడు.

ఆ మాట అబద్ధం కాదు. అందుకే నోరు మూసుకున్నాను.

కారు ఎక్కించడం మాత్రం దివ్యంగా జరిగింది, ఉన్నమాట చెప్పాలి. మా ఆయన ఖలాసీ. పట్టాలు తప్పిన బండిని తాళ్ళతో, కప్పీలతో మళ్ళీ పట్టాలెక్కించే పని వాళ్ళది. నదీ, సముద్రమూ తెలీకపోయినా బరువు తెలుసు. తోటి ఖలాసీలు నలుగురు వచ్చారు. పడవలు అక్కడి కేవట్ బుధ్‌రామ్‌వి. కేవట్‌లంటే అక్కడి పడవవాళ్ళు. "జోర్ లగాకే" అని ఒకడు, "ఐసా" అని అందరూ, కారు చక్రాలు దుంగల మీదికెక్కాయి. పడవలు మూలిగాయి గానీ మునగలేదు. నది మధ్యలోకి వెళ్ళేసరికి దొర టోపీ తీసీసి, కారు పక్కన నిలబడి వాళ్ళ భాషలో ఏదో పాడాడు. చెంపల మీంచి నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోలేదు. అంతటి మనిషి అలా ఏడుస్తున్నాడు. తన తల్లికి దూరంగా ఉన్నాడు గదా పాపం అనుకున్నాను. నా సంగతి ఎవరనుకోవాలి?

లంకలో సెలవు వాళ్ళది, చాకిరీ మాది. వంటవాడు కోళ్ళని కోస్తుంటే నేను జానీ బాబా వెనకాల పరుగెత్తడం, ఇసక పట్టిన తడి బట్టలు ఉతకడం, రాత్రి చలికి వాడి కాళ్ళు రుద్దడం. దొర మాత్రం పదేళ్ళ కుర్రాడైపోయాడు. లంకంతా ఎంత పొడుగుంటుంది, అటు నించి ఇటు కారులో తిరిగాడు, హారన్ కొట్టుకుంటూ. కోతులు చూసి పారిపోయాయి.

మూడో రోజు పొద్దున బుధ్‌రామ్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. వెళ్ళి చూస్తే ముందురోజు నీళ్ళలో ఊగుతున్న పడవలు బురదలో కూర్చున్నాయి. నీళ్ళు జానెడు వెనక్కి పోయాయి.

"సాహెబ్, ఇవాళే పోవాలి. పైన ఊళ్ళవాళ్ళు శనగ చేలకోసం మట్టికట్ట కట్టీసారు. ప్రతి ఏడూ కడతారు. రేపటికి ఇంకా తగ్గుతుంది" అన్నాడు బుధ్‌రామ్ చేతులు జోడించి.

దొర మా ఆయన వైపు చూశాడు. నేను చూస్తూనే ఉన్నాను, మా ఆయన నడుం మీద చెయ్యి వేసుకుని నీళ్ళ వైపు చూశాడు, ఆకాశం వైపు చూశాడు, గాలి వైపు ముక్కు పెట్టాడు.

"ఏటీ కాదు దొరా. ఇది పాటు. పొద్దున నీరు ఎనక్కి తగ్గుతాది. సాయంత్రం పోటు వస్తాది, మళ్ళీ ముందుకొస్తాది. మాకాడ రోజూ ఇంతే. పున్నం దగ్గరైతే మరీని" అన్నాడు.

బుధ్‌రామ్ నోరు తెరిచాడు. "నదియా ఆయ్ భయ్యా, సముందర్ నోహే!" అన్నాడు. నదిరా నాయనా ఇది, సముద్రం కాదు అని. "పానీ అబ్ అసాఢ్ మా ఆహీ." ఇంక నీళ్ళు వచ్చేది ఆషాఢంలోనే.

దొర పకపకా నవ్వాడు. "ఈ మనిషి సముద్రం ఎప్పుడూ చూడలేదు, ఎరయ్యా. మన సంగతి వీడికేం తెలుసు?" అని మా ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. ఒక పుల్ల తెచ్చి నీళ్ళ అంచున గుచ్చాడు. "టైడ్ ఆయేగా" అన్నాడు, పోటు వస్తుందని.

దొర చదువుకున్నోడు కదా, నదికి పోటు ఉండదని తెలీదా అని నన్ను చాలామంది అడిగారు. తెలిసే ఉంటుంది. సీసా ఒకటి తోడుంది, పండగపూట, ఎదురుగా నీళ్ళు, పక్కన కారు. ఇంకో రెండు రోజులు అక్కడే ఉండాలని మనసు కొట్టుకుంటోంది. ఉండడానికి ఒక సాకు కావాలి, మా ఆయన ఇచ్చాడు. మా ఆయన మాత్రం నిజంగానే నమ్మాడు. పన్నెండేళ్ళ వయసులో చూసిన సముద్రం ఆ మనిషి తలకాయలో ఇంకా పోట్లు పోస్తూనే ఉంది. నాకు అక్కడే ఒళ్ళు మండింది. మాదీ ఆ ఒడ్డే, నేనేమైనా అన్నానా?

సాయంత్రం నీళ్ళు రాలేదు. పుల్ల పొడిగా ఉంది. "రాత్రికొస్తాది" అన్నాడు మా ఆయన. మర్నాడు పుల్లకీ నీళ్ళకీ మధ్య వంటవాడి కోళ్ళు తిరుగుతున్నాయి. ఆ మర్నాడు దొర పుల్ల వైపు చూడ్డం మానీసాడు.

అప్పుడు మొదలైంది కంగారు. కారుని పడవలమీదికి ఎక్కించి తోశారు. నది మధ్యలో నీళ్ళ కింద పొడుగ్గా ఒక రాతి పరుపు ఉంది. వచ్చేటప్పుడు దాని పైనించి తేలి వచ్చీసాం. ఇప్పుడు కారు బరువుకి పడవలు దాని మీద కూర్చుండిపోయాయి. కింద పలక ఒకటి పటేలుమని విరిగింది. దొరసాని కెవ్వుమంది. చచ్చీ చెడీ మళ్ళీ లంకకే లాక్కొచ్చారు. మనుషులైతే ఒట్టి పడవలో దాటొచ్చు, ఇబ్బంది లేదు. కారు దాటదు. పడవకి నీళ్ళు చాలవు, చక్రాలకి నీళ్ళు ఎక్కువ. ఇంకా తగ్గి ఇసక బయటపడితే ఎడ్లు కట్టి లాగొచ్చు. అది ఫాగున్ మాసం మాట అన్నాడు బుధ్‌రామ్, అంటే హోళీ నాటికి.

దొరకి సోమవారం డూటీ. కారుకి నాలుగు టైర్లున్నాయి, ఇత్తడి దీపాలున్నాయి. ఒదిలేస్తే తెల్లారేసరికి ఎముకలు కూడా మిగలవు.

"ఎరయ్యా రహేగా" అన్నాడు దొర. కోపంగా అనలేదు, తిట్టలేదు. నవ్వుతూనే, "పోటు వచ్చేదాకా నువ్వే చూడు" అన్నాడు. అదే తిట్టి ఉంటే బాగుండేది.

నేను మా ఆయన్ని డేరా వెనక్కి లాక్కెళ్ళాను.

"మావా, పాసు."

"తెలుసు."

"అక్కడ ఓడ కదిలిపోతాది."

"తెలుసే, తెలుసు."

"తెలిస్తే దొరతో చెప్పు! ఇంకో ఖలాసీ ఉంటాడు కాపలా."

"ఏటని సెప్పమంటావు? నా మాట ఇనే గదా ఆగాడు. బుధ్‌రామ్ మాట ఇనుంటే కారు ఈపాటికి బంగళాలో ఉండును. మొన్న షెడ్డులో ముగ్గుర్ని తీసీసారు. ఇప్పుడు నేను సెలవు అని నోరు తెరిస్తే నాలుగోవోడ్ని నేనే. క్వార్టర్ పోతాది. గుంటని తెచ్చి ఎక్కడ పడుకోబెడతావు, ప్లాట్‌ఫారం మీదా?"

నేను కొంగు నడుముకి దోపుకున్నాను.

"నువ్వెల్లు" అన్నాడు. "పాసులో నీ పేరుంది గదా. అప్ప నన్ను ఎత్తుకు పెంచింది. నా మాట తీసీదు. నేను పంపానని సెప్పు."

"పెట్టిన చెయ్యే రావాలంటారు."

"ఈ రోజుల్లో అయ్యన్నీ ఎవులు సూస్తన్నారే!" అన్నాడు గానీ నా మొహం వైపు చూడలేదు.

ఇక్కడే ఒక మాట చెప్పీస్తున్నాను, దొరని ఆడిపోసుకోడం నాకిష్టం లేదు. మా ఆయన ఉద్యోగం పోలేదు. హోళీ వెళ్ళాక ఎడ్లతో, ఖలాసీలతో కారు బయటకొచ్చింది. ఆ వేసవిలోనే మా ఆయన్ని మేస్త్రీ చేశాడు. తను ఇచ్చిన మాటలన్నీ నిలబెట్టుకున్నాడు దొర. మా సెలవు సంగతి మాత్రం మరిచిపోయాడు. గుర్తుచేసిన వాళ్ళెవరూ లేరు గదా.

దొరసానిని అడిగితే, "జానీకి జలుబు చేసింది కదా, ఆయా, వచ్చే నెల వెళ్దువులే" అంది.

"నాకూ ఒక పిల్ల ఉందమ్మా" అన్నాను. ఆ ఇంట్లో నేను ఎదురు చెప్పడం అదే మొదలు. ఆవిడ లోపలికెళ్ళి, పిల్లకని చెప్పి జానీ పాత స్వెట్టరు ఒకటి తెచ్చిచ్చి, వెళ్ళిరమ్మంది. తీసుకున్నాను. ఏం చేస్తాను?

అంతకుముందు నేను ఒక్కర్తినీ రైలెక్కి ఎరగను. రైల్వేలో అన్నం తింటూ రైలంటే భయం. పాసు మీద ఇద్దరం ఉన్నాం, ఒక్కర్తినే కూర్చున్నాను. "మీ ఆయనేడమ్మా?" అన్నాడు టీసీ. "డూటీలో ఉన్నాడు బాబూ" అన్నాను. నదిలో ఉన్నాడంటే దింపేస్తాడేమోనని.

ఊళ్ళోకి అడుగుపెట్టేసరికి వదిన వాకిట్లో మూటలు కడుతోంది. నన్ను చూసింది, నా వెనకాల చూసింది.

"తమ్ముడేడే?"

"రాలేకపోయాడు వదినా. నన్ను పంపాడు."

"జబ్బా?"

"జబ్బు కాదు. దొర కారుకి కాపలా."

"కారుకి కాపలా ఏటి? ఎక్కడ?"

చెప్పాను. ఎంత మెల్లగా చెప్పినా అది మెల్లగా చెప్పే సంగతి కాదు. నది, లంక, పడవలు, పోటు. చుట్టూ చేరిన వాళ్ళు ఒకళ్ళనొకళ్ళు పొడుచుకుని నవ్వడం మొదలెట్టారు. "నదిలో పోటుకి కాసుకుని కూర్చున్నాడా? ఓలమ్మో, ఎర్రిగాడు ఎర్రిగాడిలాగే ఉన్నాడు" అంది ఒక ముసల్ది. "తంతి కొట్టండి, వచ్చీమని" అన్నాడు ఇంకొకడు. నది మధ్యలో ఉన్నోడికి టెలిగ్రాం ఎవడు పట్టుకెళ్ళి ఇస్తాడు? దానికీ నవ్వారు. వదిన నవ్వలేదు.

సింహాచలం లోపల్నించి వచ్చింది. ఎంత పొడుగైపోయిందో! తలకి నూనె రాసి గట్టిగా జడ వేసింది వదిన. నన్ను చూసి వదిన వెనక్కి చేరి, "అమ్మా, ఎవరే?" అంది.

"మీ అమ్మే" అంది వదిన.

"నువ్వు గదా" అంది గుంట.

ఆ రాత్రి నేను తినలేదు. మర్నాడు వదిన నా పక్కన కూర్చుని నెమ్మదిగానే చెప్పింది. "అచ్చీ, నేను నీ పిల్లని దొంగిలించను. ఆడొచ్చి చెయ్యి చాపితే ఈ చేత్తోనే ఇవ్వనా? ఇచ్చీదాన్ని. పదిమందిలో పెట్టాడు. పదిమందిలో తీసుకోవాల. నీ చేతిలో ఎలా పెట్టను? రేపు దారిలో గుంటకి ఏటైనా అయితే తమ్ముడు నన్నడగడా?" పెద్దల్ని అడిగితే వాళ్ళూ అదే మాటన్నారు. అడ్డొచ్చింది ఆచారమా? కాదు. ఆరేళ్ళు గుండెమీద పడుకోబెట్టుకున్న పిల్లని ఒదల్లేక ఆచారాన్ని అడ్డం పెట్టుకుంది మా వదిన. నాకు తెలుసు, తనకీ తెలుసు. కోపం తెచ్చుకుందామనుకున్నాను. రాలేదు. ఆ జడ వేసింది తను గదా.

ఓడ దాకా నాలుగు రోజులున్నాయి. రైలు దిగినోళ్ళ బళ్ళు వచ్చే వేళకల్లా ఊరి మొదటికి వెళ్ళి నిలబడేదాన్ని. మా ఆయన మనసు మార్చుకుని వస్తాడేమో, ఎలాగైనా వస్తాడేమో అని. బళ్ళకేం, వస్తాయి, పోతాయి. ఆ నాలుగు రోజుల్లో గుంట నాకు దగ్గరైంది. నా పక్కనే పడుకుంది. "బిలాసపూరు అమ్మా" అని పిలిచింది. ఓడ ఎంత ఎత్తుంటాదో, అందులో ఏనుగులు పడతాయో పట్టవో, రంగంలో నాన్న, అంటే వదిన మొగుడు, ఎన్ని బొమ్మలు కొన్నాడో అన్నీ చెప్పింది. "నువ్వూ వస్తావా?" అని కూడా అడిగింది.

రేవులో జనం ఇసకేస్తే రాలరు. మూటలు, కోళ్ళబుట్టలు, ఏడుపులు. ఒక పక్క వదిన, ఒక పక్క నేను, మధ్యన గుంట. ఓడ మెట్ల దాకా దాని చెయ్యి నా చేతిలోనే ఉంది. ఎత్తుకుని పరుగెత్తుదామని ఒక్కసారి అనిపించింది. ఎక్కడికి పరుగెత్తను? అరుస్తుంది. అందరూ నన్నే పిల్లల్ని ఎత్తుకుపోయేది అంటారు. మెట్ల దగ్గరికొచ్చేసరికి పక్కన తాడు పట్టుకోవాలని అదే నా చేతిలోంచి చెయ్యి తీసీసుకుంది.

పైకెక్కాక ఇద్దరూ కనపడతారేమోనని చూశాను. అన్ని తలకాయల్లో ఎవరివి ఏవో తెలీలేదు. ఓడ కదిలాక కూడా అక్కడే ఉన్నాను. జానీ స్వెట్టరు నా సంచీలోనే ఉండిపోయింది.

తిరుగు రైల్లో బిలాసపూర్ దాకా వెళ్ళలేదు. నదికి దగ్గరగా ఉన్న చిన్న స్టేషన్లో దిగీసి నడిచాను. ఎందుకంటే చెప్పలేను. ఇంట్లో ఎవరున్నారని వెళ్ళను? ఒడ్డుకి చేరేసరికి మధ్యాన్నం దాటింది. బుధ్‌రామ్ విరిగిన పడవ బోర్లించి పలక మారుస్తున్నాడు. నన్ను చూసి లేచాడు, చుట్టూ చూశాడు. "నోనీ?" అన్నాడు. నోనీ అంటే వాళ్ళలో ఆడపిల్ల. నేను పిల్లని తేవడానికి వెళ్ళానని వాడికీ తెలుసన్నమాట. మా ఆయనకి ఇంకేం పని, ఉన్న మూడు వారాలూ అదే చెప్పి ఉంటాడు.

లంక మీద మా ఆయన కారు పక్కన టార్పాలిన్‌తో గుడిసె వేసుకున్నాడు. గెడ్డం పెరిగిపోయింది. పొగ వస్తోంది, వంట చేసుకుంటున్నట్టున్నాడు. నన్ను చూసి దిగ్గున లేచి నీళ్ళ అంచుకి వచ్చాడు. చెయ్యి అడ్డం పెట్టుకుని నా వెనకాల చూశాడు, నా పక్కన చూశాడు. చిన్న మనిషి కోసం కిందికి చూశాడు.

"గుంటేదే?" అని కేకేశాడు.

"రంగం ఓడెక్కీసింది!" అన్నాను. మళ్ళీ అన్నాను. ఎదురుగాలి, సగం నీళ్ళలోనే పడిపోయింది.

"ఏటీ?"

బుధ్‌రామ్ నన్ను అడిగి తెలుసుకుని, నోటి దగ్గర చేతులు పెట్టుకుని, పడవవాళ్ళ గొంతుతో అరిచాడు. "నోనీ జహాజ్ మా చఢ్ గే!"

ఆ గొంతు అటు ఒడ్డుకి తగిలి మళ్ళీ మా దగ్గరికొచ్చింది. మా ఆయన కదల్లేదు. కాసేపటికి, "ఏటీ? ఏటన్నాడు?" అని మళ్ళీ అడిగాడు. బుధ్‌రామ్ మళ్ళీ అరవబోతే చెయ్యి పట్టుకుని ఆపాను.

"ఊరుకో బాబూ, విన్నాడు" అన్నాను.

పడవ తీసుకెళ్ళాలని బుధ్‌రామ్ లేచేలోగానే మా ఆయన నీళ్ళలోకి దిగీసాడు. పంచె ఎగ్గట్టుకోలేదు, ఏమీ లేదు. మోకాళ్ళ దాకా వచ్చాయి నీళ్ళు, నడుం దాకా వచ్చాయి. రాతి పరుపు మీద మోకాలికి దిగి, అది దాటాక రొమ్ము దాకా వచ్చాయి. అంతకన్నా పైకి రాలేదు. నా పిల్లని నాకు కాకుండా చేసిన నది ఇంతేనా, మనిషి రొమ్ము దాకానా అని నేను చూస్తూ నిలబడ్డాను. కాపలా లేని కారు వెనకాల అలాగే ఉంది. ఆయన ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

ఒడ్డెక్కి నా ముందు నిలబడ్డాడు. ఒణుకుతున్నాడు. ఏం తిడతానో అని చూస్తున్నాడు. దారి పొడుగునా ఎన్ని తిట్లు కూడబెట్టుకున్నానో, ఒక్కటీ నోటికి రాలేదు.

"ఏడిసిందా?" అన్నాడు.

"లేదు. నవ్వుతా ఎక్కింది" అన్నాను.

ఆయన అక్కడే ఇసకలో కూలబడి, మొహం చేతుల్లో పెట్టుకున్నాడు. ఏడిచింది, నాన్న కావాలంది అని ఒక అబద్ధం చెప్పి ఉండొచ్చు, ఆయన ప్రాణానికి కొంత ఊరటగా ఉండేది. అంత దూరం నించి వచ్చానేమో, ఆ ఒక్క అబద్ధానికి కూడా నాకు ఓపిక లేకపోయింది.